అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఉన్నది పసిఫిక్ ఒడ్డున, ఆడేది అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ)లో. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి. కొత్త కాలేజీలను అసలు ఏ లెక్కన చేర్చుకుంటారు?

ముందు మ్యాపు మడిచి పక్కన పెట్టండి. కప్పుల లెక్క, స్టేడియంలో సీట్ల లెక్క, యూనివర్సిటీ ర్యాంకు కూడా పక్కన పెట్టండి. చేర్చుకునేవాళ్ళు చూసేది ఒక్కటే: ఈ కాలేజీ వస్తే మన వాటా తగ్గుతుందా? పంక్తిలో ఇంకో విస్తరి వేస్తే తమ విస్తట్లో ముద్ద తగ్గకూడదు. 'ఉమ్మడి విద్యా విలువలు' లాంటివి తర్వాత ప్రకటన రాసేటప్పుడు గుర్తొస్తాయి.

వాటా సంగతి తేల్చేది టీవీ ఒప్పందం. అందులో ప్రో రాటా క్లాజు ఉంటే, సరిపడా స్థాయి ఉన్న కాలేజీ చేరినప్పుడు ఛానెల్ ఇంకో వాటా అదనంగా ఇవ్వాలి. అంటే వచ్చేవాడు తన అన్నం తానే తెచ్చుకుంటాడన్నమాట. బిగ్ 12 అనే కాన్ఫరెన్స్ వాళ్ళు 2022 అక్టోబరులో ఈఎస్‌పీఎన్, ఫాక్స్ ఛానెళ్ళతో ఆరేళ్ళకు 2.28 బిలియన్ డాలర్లకు కుదుర్చుకున్నప్పుడు ఈ క్లాజు రాయించుకున్నారు. స్టాన్‌ఫర్డ్ అప్పుడున్న పాక్-12 కాన్ఫరెన్స్ చేతిలో అప్పటికి కొత్త ఒప్పందమే లేదు. 2023 ఆగస్టు 1న సభ్యుల ముందుకొచ్చింది ఆపిల్ ప్రతిపాదన. చందాదారులు పెరిగితేనే అందులో డబ్బు పెరుగుతుంది. 4వ తేదీ పొద్దున, టీవీ హక్కులను కాన్ఫరెన్స్‌కు రాసిచ్చే పత్రం మీద అందరూ సంతకాలు పెట్టాలి. సాయంత్రమయ్యేసరికి ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కీ, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కీ వెళ్ళిపోయాయి. కొలరాడో అంతకు వారం ముందే సర్దుకుంది. మిగిలినవి నాలుగు: స్టాన్‌ఫర్డ్, కాల్ (యూసీ బర్క్‌లీ), ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్.

ఇప్పుడు మీరడిగిన ముచ్చట. ఏసీసీలో ఓట్లు 15. నోటర్ డేమ్ తన (అమెరికన్) ఫుట్‌బాల్‌ను కాన్ఫరెన్స్ బయటే ఉంచుకుంది, అయినా దానికీ ఓటుంది. కొత్తవాళ్ళు రావాలంటే 12 ఓట్లు పడాలి. ఆగస్టు రెండో వారంలో లెక్క చూసుకుంటే 11 దగ్గర ఆగింది. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్, నార్త్ కరోలినా, నార్త్ కరోలినా స్టేట్ వద్దన్నాయి. ఒక్క ఓటు తక్కువై మూడు వారాలు బేరం నడిచింది. ఆ మూడు వారాల్లో కొత్తగా వచ్చే కాలేజీలు మారలేదు, వాటి ధర తేలిందంతే. స్టాన్‌ఫర్డ్, కాల్‌తో పాటు చేరాలనుకున్న డాలస్‌లోని ఎస్ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) తొమ్మిదేళ్ళ పాటు కాన్ఫరెన్స్ టీవీ డబ్బులో పైసా తీసుకోనంది. స్టాన్‌ఫర్డ్, కాల్ మొదటి ఏడేళ్ళు 30 శాతానికి ఒప్పుకున్నాయి. ఎనిమిదో ఏడు 70, తొమ్మిదో ఏడు 75, పదో ఏటికి పూర్తి వాటా. ఏసీసీ టీవీ హక్కులున్న ఈఎస్‌పీఎన్ మాత్రం ప్రో రాటా ప్రకారం ఇచ్చేది ఇస్తూనే ఉంటుంది. మధ్యలో మిగిలే డబ్బు పాత సభ్యులది. అందులో కొంత గెలిచినవాళ్ళకు బహుమతిగా పోతుంది.

ఓటింగ్ ముందు రోజు సాయంత్రం నార్త్ కరోలినా ట్రస్టీల పెద్దలు మాకొద్దని ప్రకటన ఇచ్చారు. మర్నాడు, సెప్టెంబరు 1 పొద్దున, పక్క ఊరి నార్త్ కరోలినా స్టేట్ ఓటు సరేనన్న వైపు తిరిగింది. 12–3. మీ ప్రశ్నకు జవాబు ఆ ఒక్క ఓటు, ఆ 30 శాతం.

ఎస్ఎంయూ తొమ్మిదేళ్ళు ఎలా బతుకుతుందంటారా? ప్రకటన వచ్చిన వారంలోనే దాతల నుంచి 100 మిలియన్ డాలర్లు పోగేసింది. డాలస్‌లో పూర్వ విద్యార్థుల జేబులు అంత లోతు. పైగా టెక్సాస్‌లో సభ్యుడుంటే ఏసీసీ ఛానెల్‌కు ఆ రాష్ట్రపు కేబుల్ ఇళ్ళ నుంచి ఎక్కువ రేటు వసూలవుతుంది. 2014లో రట్‌గర్స్, మేరీలాండ్‌లను బిగ్ టెన్ తీసుకున్నది కూడా న్యూయార్క్, వాషింగ్టన్ చుట్టుపక్కల కేబుల్ ఇళ్ళ కోసమే, ఆట కోసం కాదు. జనం కేబుల్ పీకేస్తున్నకొద్దీ ఆ లెక్క పాతబడుతోంది. ఇప్పుడు ఒక మ్యాచ్‌ను ఎంతమంది చూస్తారన్నదే ధర.

బయటికి రావడం ఇంకో తలనొప్పి. కాన్ఫరెన్స్ వదిలేటప్పుడు కట్టే ఎగ్జిట్ ఫీ సాధారణంగా జూన్ 30 అర్ధరాత్రితో ముడిపడి ఉంటుంది. ఆ తేదీ దాటితే చాలాచోట్ల రెట్టింపు. 2023 జూన్‌లో శాన్ డియాగో స్టేట్ ఈ గోతిలోనే పడింది. పాక్-12 నుంచి పిలుపు వస్తుందన్న నమ్మకంతో తానున్న మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్‌కు ఉత్తరం రాసింది: వెళ్ళే ఉద్దేశం ఉంది, గడువు ఒక నెల పెంచండి అని. గడువు పెంచకపోగా, ఇది రాజీనామా నోటీసే అన్నారు వాళ్ళు. నెలాఖరుకు పిలుపు రాలేదు. ఎక్కడికీ పోవడం లేదని మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది, ఈలోపు రావాల్సిన వాటా డబ్బు కూడా ఆగింది. ఉద్దేశం అనే మాట ఇలాంటి ఉత్తరాల్లో వాడకూడదు. చెప్పేదేదో ఫోన్లో చెప్పాలి, కాగితం మీద పెడితే అవతలి లాయరుకు అందించినట్టే. అందుకే ఏ కాన్ఫరెన్సూ 'మేం పిలిచాం' అనదు. కాలేజీ దరఖాస్తు పెట్టింది, మేం ఓటేశాం, అంతే. ఇంకొకరి సభ్యుణ్ణి లాగారన్న కేసు మీద పడకుండా ఆ జాగ్రత్త.

ప్రభుత్వ యూనివర్సిటీ అయితే బోర్డు కూడా కూర్చుంటుంది. యూసీఎల్ఏ పాక్-12 వదిలి బిగ్ టెన్‌కు పోతే, అదే యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) ఇంటి బిడ్డ కాల్ నష్టపోతుందని, మూడేళ్ళు ఏటా 10 మిలియన్లు కాల్‌కు ఇవ్వమని యూసీ బోర్డు సభ్యులైన రీజెంట్లు తీర్పిచ్చారు. అచ్చం అన్నదమ్ముల పంపకమే.

నా బాధ వేరే. ఇదంతా ఫుట్‌బాల్ డబ్బు కోసం, తిరిగేది మాత్రం సాఫ్ట్‌బాల్, వాలీబాల్ పిల్లలు. స్టాన్‌ఫర్డ్ నుంచి బాస్టన్‌కు నాలుగు వేల కిలోమీటర్లు దాటుతుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి గీత గీసినా మూడు వేలు కాదు. పైన మూడు గంటల టైం తేడా, సోమవారం క్లాసు. ఫుట్‌బాల్‌ను విడిగా తీసి, మిగతావి దగ్గరివాళ్ళతో ఆడించడానికి అడ్డేమీ లేదు. నోటర్ డేమ్ ఫుట్‌బాల్‌ను విడిగానే ఉంచుకుంది కదా! స్టాన్‌ఫర్డ్ పురుషుల వాలీబాల్ కూడా ఎప్పటినుంచో వేరే సమాఖ్యలోనే ఆడుతోంది. ఇక పేర్లు చూడండి: బిగ్ టెన్‌లో 18 మంది, బిగ్ 12లో 16 మంది. లెక్కల డిపార్ట్‌మెంట్లు ఎలా ఊరుకుంటున్నాయో.

మిగిలిన ఇద్దరూ, ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్, పాక్-12ను మళ్ళీ నిలబెట్టారు. కాలేజీ ఆటల పాలక సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం 2026 జూలైకి ఫుట్‌బాల్ ఆడే సభ్యులు ఎనిమిది మంది ఉండాలి. 2024 సెప్టెంబరులో మౌంటెన్ వెస్ట్ నుంచి ఐదుగుర్ని లాగారు, అదే శాన్ డియాగో స్టేట్‌తో సహా. అంతకుముందు మౌంటెన్ వెస్ట్‌తో చేసుకున్న మ్యాచ్‌ల ఒప్పందంలో సభ్యుల్ని లాగితే జరిమానా అని వీళ్ళే సంతకం పెట్టారు: మొదటి కాలేజీకి 10 మిలియన్లు, ఆపైన ఒక్కో దానికి అర మిలియన్ చొప్పున ఎక్కువ. ఐదుగురికీ కలిపి 55 మిలియన్లు. 2024 సెప్టెంబరులోనే ఆ క్లాజే చెల్లదని కోర్టుకెక్కారు. గొంజాగా వచ్చింది కానీ దానికి ఫుట్‌బాల్ జట్టే లేదు, లెక్కలోకి రాదు. ఎనిమిదో పేరుగా టెక్సాస్ స్టేట్ ఖాయమైంది, అది అప్పుడున్న సన్ బెల్ట్ కాన్ఫరెన్స్ ఎగ్జిట్ ఫీ 5 మిలియన్ల నుంచి 10కి పెరగడానికి ఒక్క రోజు ముందు. తేదీ 2025 జూన్ 30.