డిగ్రీలోనే పరిశోధన: పాఠకుల ప్రశ్నలకు జువాలజీ మేడమ్ జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, నేను అమలాపురంలో బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పరిశోధన వైపు వెళ్లాలని ఉంది. కానీ మా ల్యాబ్‌లో మైక్రోస్కోపులు, ఫార్మలిన్ సీసాలు తప్ప ఏమీ లేవు. డీఎన్‌ఏ కాపీలు తీసే పీసీఆర్ మెషీన్‌ని ఫొటోలోనే చూశాను. కిందటేడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి మా క్లాసులో చాలామంది నెట్‌లోంచి తీసిన రిపోర్టే ఇచ్చారు. నేనూ అంతే. నాలాంటివాళ్లను పెద్ద సంస్థలు తీసుకుంటాయా?
– ఒక విద్యార్థిని, కోనసీమ

జవాబు: తీసుకుంటాయమ్మా. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, ప్రయాగ్‌రాజ్‌లోని నాసి, ఈ మూడు సైన్స్ అకాడమీలూ కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. ఎంపికైతే ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పనిచేయాలి. స్టైపెండ్ ఉంటుంది. సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల్లో దరఖాస్తులు తీసుకుంటారు. మార్కులు, మీ లెక్చరర్ ఇచ్చే సిఫార్సు లేఖ, ఎందుకు చేరాలనుకుంటున్నావో నువ్వు రాసే చిన్న వ్యాసం, ఈ మూడూ చూస్తారు. ఆ వ్యాసంలో అందరూ రాసేది ఒకటే: చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టం అని. నువ్వు మాత్రం నీ చేత్తో చేసిన పని గురించి రాయాలి. ఆ పని ఇప్పటినుంచే మొదలుపెట్టు.

మీ ఊళ్లో కొబ్బరి తోటలు ఉంటాయి కదా, వాటిని పట్టే తెల్లదోమ అనే చిన్న పురుగుతోనే మొదలుపెట్టమంటాను. ఈ సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి తోటల్లో కనబడి, తర్వాత మన వైపు వచ్చింది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. అది వదిలే జిగురు కింది ఆకుల మీద పడి, దానిమీద నల్లటి మసి పెరుగుతుంది. దీనికి శత్రువు ఎన్‌కార్సియా అనే అతి చిన్న కందిరీగ. తెల్లదోమ పిల్లపురుగులో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపలే పెరిగి పురుగుని తినేస్తుంది. నీ పనికి కావలసిన కీలకం ఇక్కడ ఉంది. తెల్లదోమ తన గూడులోంచి బయటికొచ్చినప్పుడు ఇంగ్లీషు టి అక్షరంలాంటి చీలిక మిగులుతుంది. అదే గూడులోంచి కందిరీగ వస్తే గుండ్రటి కన్నం మిగులుతుంది. ఖాళీ గూళ్లు లెక్కపెడితే చాలు, ఆ తోటలో ఎవరిది పైచేయో తెలిసిపోతుంది. దీనికి పీసీఆర్ అక్కర్లేదు. మంచి భూతద్దం, మీ ల్యాబ్ మైక్రోస్కోపు సరిపోతాయి.

చెట్టెక్కే పని కూడా లేదు. కొబ్బరికాయల దింపు రోజున కింది మట్టలు కొన్ని కోయించుకో. పురుగుమందు కొట్టే తోట ఒకటి, అసలు కొట్టని తోట ఒకటి తీసుకో. మందు కందిరీగలనీ చంపుతుంది కాబట్టి, రెండు తోటల్లోనూ గుండ్రటి కన్నాల వంతు ఒకేలా ఉందా అన్నది నీ ప్రశ్న. ఏ చెట్లు చూడాలో ముందే చీటీలు తీసి నిర్ణయించుకో. లేకపోతే బాగా మసి పట్టిన చెట్టు దగ్గరికే కాళ్లు వెళతాయి, లెక్క తప్పుతుంది. ప్రతి మట్టకీ మొదలు, మధ్య, చివర ఒక్కో ఆకు తీసుకో. ఏమీ కనబడని ఆకుకి కూడా సున్నా అని రాయాలి. తేదీ, వాన పడిందా లేదా, మందు ఎప్పుడు కొట్టారు, ఇవన్నీ అక్కడికక్కడే నోట్‌బుక్‌లో పెన్నుతో రాయి. ఇంటికెళ్లి సాఫు రాసుకుంటానంటే నేనొప్పుకోను. దింపు దింపుకీ ఇలా చేస్తూ పో.

రెండో సంవత్సరం అయ్యాక ఎలాగూ రెండు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో కొబ్బరి పురుగుల మీద పనిచేసేవాళ్లున్నారు. నీ నోట్‌బుక్ పట్టుకుని వెళ్లి అడుగు. మడ అడవుల మీద ఇష్టముంటే ఒక జాగ్రత్త: కోరింగ 1978 నుంచి అభయారణ్యం. అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా అక్కడ ఆకు కూడా కోయకూడదు.

కిందటేడు రిపోర్టు సంగతి. అది చదివి నాకు బాధ కలిగింది, నీ ఒక్కదాని మీద కాదు. పల్లెల్లోకి వెళ్లి చూసి రమ్మని పెట్టిన పని అది. ఇన్ని కాలేజీల పిల్లలు నిజంగా చూసి రాసి ఉంటే, మన డెల్టా మీద ఎంత సమాచారం పోగయ్యేదో! ఈసారి నీది నువ్వే రాయి.

ప్రశ్న: అమ్మా, నేను పాలకొల్లు దగ్గర వరి రైతుని. మా అమ్మాయి ఎండాకాలం రెండు నెలలు హైదరాబాద్ ల్యాబ్‌కి వెళ్తానంటోంది. ఒంటరిగా పంపాలంటే టెన్షన్‌గా ఉంది. పైగా బయాలజీలో పరిశోధన చేస్తే రేపు తిండి పెడుతుందా?
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ టెన్షన్ న్యాయమైనదే. ఎంపిక ఉత్తరం చేతికొచ్చాక హాస్టల్ ఉందా, గైడ్ ఎవరు అని ఆ సంస్థకే ఫోన్ చేసి అడగండి. మొదటిసారి మీరే వెంట వెళ్లి దిగబెట్టి, ఆ చోటు చూసి రండి.

ఇక తిండి మాట. మీ చేలో 7029 వేసే ఉంటారు. ఆ స్వర్ణ మీకు దగ్గర్లోని మార్టేరు పరిశోధనా స్థానంలో పుట్టి 1982లో విడుదలైంది. తర్వాత ఒడిశాకి చెందిన ఒక వరి రకంలో, రెండు వారాల మునకని తట్టుకునే జన్యువుని గుర్తించి, దాన్ని స్వర్ణలోకి తెచ్చారు. అదే స్వర్ణ సబ్ 1, 2009లో రైతుల దగ్గరికి వచ్చింది. ఇదంతా బయాలజీ చదివినవాళ్ల ఉద్యోగమే. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తారు. పరిశోధన వద్దనుకున్నా, రొయ్య సీడ్‌కి పీసీఆర్ టెస్టులు చేసే ల్యాబులు భీమవరంలో ఉన్నాయి, విత్తన కంపెనీలున్నాయి. ఎమ్మెస్సీకి మంచి చోట సీటు కావాలంటే ఐఐటీ జామ్ బయోటెక్నాలజీ, గాట్-బి, సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షలు రాయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చాలా ఎమ్మెస్సీ కోర్సులకు సీయూఈటీ పీజీయే. పంపండయ్యా. రెండు నెలలు ల్యాబ్‌లో ఉంటే ఈ పని తనకి సరిపడుతుందో లేదో అమ్మాయికే తేలిపోతుంది. సరిపడదని తేలినా మంచిదే.

ప్రశ్న: శాస్త్రవేత్తలకు ఇంటర్న్‌షిప్ కోసం చాలా మెయిల్స్ పెట్టాను. ఒక్కరూ జవాబివ్వలేదు.
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: నువ్వు పంపిన మెయిల్ చూశాను బాబూ. పేరు మార్చి అందరికీ ఒకటే పంపావు. ఇలాంటివి వాళ్లకి రోజూ వస్తాయి. ఒక్కరిని ఎంచుకో. వాళ్ల పరిశోధనా వ్యాసం ఒకటి పబ్‌మెడ్ సెంట్రల్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుందేమో చూడు. మొదటిసారి సగమే అర్థమవుతుంది, మళ్లీ చదువు. అర్థం కాని ఒక్క విషయం మెయిల్‌లో అడుగు. నువ్వు లెక్కపెట్టిన, కొలిచిన పని ఏదైనా ఉంటే రెండు పేజీలు జతచెయ్యి. ఏ తేదీల్లో రాగలవో రాయి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచెయ్యి. అప్పటికీ రాకపోతే ఇంకొకరి వ్యాసం తెరువు.