పిల్లల చేత బ్లాగు రాయిస్తే ఎవరికి తగినట్టు వాళ్లకి చదువు చెప్పగలమా?

మీరు అడిగింది ఇదీ: ఒకే తరగతిలో పిల్లలు తలా ఒక స్థాయిలో ఉన్నారు, వాళ్ల చేత బ్లాగు రాయిస్తే ఎవరికి కావలసింది వాళ్లకి చెప్పడానికి పనికొస్తుందా, లేక టీచరుకి ఇంకో చాకిరీ అవుతుందా అని. నేను లెక్కలు చెప్తాను, కొన్నేళ్లుగా పిల్లల చేత రాయిస్తున్నాను. తప్పకుండా పనికొస్తుంది. కాకపోతే ఆ పోస్టు చదివాక ఆ పిల్లకి మనం ఇచ్చే తర్వాతి పని మారాలి. అది మారకపోతే బ్లాగు కూడా ఇంకో హోంవర్కే.

ఒక ఉదాహరణ చెప్తాను. 0.35, 0.4లలో ఏది పెద్దది అని పరీక్షలో అడిగితే జవాబు తప్పో ఒప్పో తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. అదే ప్రశ్న ఇచ్చి, నీకు అలా ఎందుకు అనిపించిందో నీకంటే చిన్నవాళ్లకి చెప్తున్నట్టు రాయి అన్నాను. ఒక అబ్బాయి, 4 కంటే 35 పెద్దది కాబట్టి 0.35 పెద్దదని రాశాడు. ఇది చాలామంది చేసే పొరపాటే. ఇంకో అమ్మాయి 0.4 అని సరిగ్గానే రాసింది, కానీ కారణం చూడండి: వందో వంతు కంటే పదో వంతు పెద్దది కదా, అందుకని చుక్క తర్వాత తక్కువ అంకెలు ఉన్న సంఖ్యే ఎప్పుడూ పెద్దదని రాసింది! పరీక్షలో ఈ అమ్మాయికి పూర్తి మార్కులు పడిపోతాయి, రేపు 0.45, 0.4 ఇస్తే తప్పు చేస్తుంది, ఎందుకు తప్పు చేసిందో ఎవరికీ అర్థం కాదు. అబ్బాయికి వంద గళ్ల కాగితం ఇచ్చి రెండు సంఖ్యలకీ ఎన్ని గళ్లు వస్తాయో రంగు వేసి చూడమన్నాను. అమ్మాయిని 0.45, 0.4లను సంఖ్యారేఖ మీద గుర్తించి, చూసింది చూసినట్టు ఇంకో పోస్టు రాయమన్నాను. పాఠం ఒకటే, ఇద్దరికీ ఇచ్చిన పని వేరు. ఎవరికి తగినట్టు వాళ్లకి చెప్పడమంటే నా దృష్టిలో ఇదే, దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ 1984లో రాసిన ఒక వ్యాసంలో, ఒక్కొక్కరికీ విడిగా ట్యూషన్ చెప్తే మామూలు విద్యార్థి కూడా సాధారణ తరగతిలోని 98 శాతం మందిని మించిపోతాడని చూపించారు. లాభం అంత ఉండదని తర్వాతి పరిశోధనల్లో తేలింది, అయినా విడిగా పట్టించుకుంటే పిల్లలు బాగుపడతారన్న మాట నిలిచింది. అందరికీ విడిగా ట్యూషన్ చెప్పడం ఏ స్కూల్లోనూ కుదరదు, బ్లాగు వల్ల కనీసం ఒక్కొక్కరి ఆలోచనా విడిగా చదవడం కుదురుతుంది.

పోస్టులకి మార్కులు మాత్రం వేయకండి. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లలు మూడు గుంపులు: కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ. ముందుకెళ్లింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ ఇచ్చిన చోట వ్యాఖ్య వల్ల రావలసిన లాభం కూడా రాలేదు. నా తరగతిలోనూ చూస్తున్నాను, మార్కు కనిపిస్తే కింద ఏం రాశామో పిల్లలు చదవరు. అందుకే నేను బాగుంది, వెరీ గుడ్ లాంటివి కూడా తగ్గించి, తిరిగి జవాబు రాయాల్సిన ప్రశ్న ఒకటి అడుగుతాను, ఎందుకంటే వాళ్లు మళ్లీ ఆలోచించేది ఆ జవాబు రాసేటప్పుడే.

పని భారం గురించి మీ భయం నిజమే. అందరి చేతా ఒకే రోజు రాయించకండి, తరగతిని గుంపులుగా విడగొట్టి రోజుకొక గుంపు చేత రాయించండి. స్పెల్లింగులు దిద్దుతూ కూర్చోకండి. రాయడం కష్టమైన పిల్లలు వాయిస్ టైపింగ్ వాడొచ్చు, లేదా నోట్‌బుక్కులో వేసిన బొమ్మని ఫోటో తీసి కింద రెండు వాక్యాలు పెట్టినా చాలు, మనకి కావలసింది ఆలోచనే కదా.

బ్లాగు బయటి ప్రపంచానికి కనిపించాల్సిన అవసరం లేదు. గూగుల్ వాళ్ల బ్లాగు సైటు బ్లాగర్‌లో మనం ఎంచుకున్నవాళ్లు మాత్రమే చదివేలా పెట్టుకోవచ్చు. పిల్లల పూర్తి పేరు, ఫోటో, స్కూలు పేరు వద్దు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా మొదలుపెట్టనే వద్దు. పెద్దల పర్యవేక్షణ లేకుండా సొంతంగా గూగుల్ ఖాతా తెరవాలంటే చాలా దేశాల్లో కనీసం 13 ఏళ్లు ఉండాలి కాబట్టి చిన్న తరగతులైతే టీచరే తన ఖాతాలోంచి పోస్టు చేయడం మేలు. పైగా తప్పు రాస్తే అందరూ చూస్తారన్న భయం ఉంటే పిల్లలు తమకి అర్థం కానిది అస్సలు రాయరు, మనకి తెలియాల్సిందేమో సరిగ్గా ఆ అర్థం కానిదే.

ఇక ఏఐతో రాయించుకొస్తారేమోనని టెన్షన్ ఉంటుంది. దశాంశాలు అంటే ఏమిటి లాంటి ప్రశ్న ఇస్తే తప్పకుండా అలాగే తెస్తారు. నిన్న తరగతిలో నువ్వు ఎక్కడ ఆగిపోయావు, ఆ మెట్టు దగ్గర ఏం అనుకున్నావు అని అడిగి, నోట్‌బుక్కు పేజీ ఫోటో కూడా పెట్టమంటే అది చాలావరకు తగ్గిపోతుంది. అప్పటికీ అనుమానం వస్తే నేను నిలదీయను, పక్కన కూర్చోబెట్టుకుని ఆ పోస్టులో ఉన్నది రెండు నిమిషాలు నోటితో చెప్పమంటాను.