బండికి ఫోన్ స్టాండు చేసుకునే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

దారి చూసుకోవడానికి బుల్లెట్ హ్యాండిల్ మీద ఫోన్ స్టాండు నువ్వే చేసుకుంటానన్నావు. మంచిదే. ఫోన్ ఎక్కడ జారిపోతుందోనని అందరూ పట్టు గురించే ఆలోచిస్తారు గానీ, ఫోన్‌ని చంపేది అదురు. ఫొటో చెదరకుండా చూసే కదిలే లెన్సు కెమెరాలో ఉంటుంది, ముందు పోయేది అదే. శక్తిమంతమైన ఇంజిన్ల అదురు ఐఫోన్ కెమెరాను పాడుచేయొచ్చని 2021 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీయే చెప్పింది. ఇంట్లో పాత ఫోన్ ఉంటే బండికి అదే వాడు, నెట్ జేబులోని ఫోన్ నుంచి హాట్‌స్పాట్‌గా ఇచ్చుకోవచ్చు.

స్టాండుకు కాడ పెట్టకు. కాడ ఎంత పొడుగైతే చివర ఊపు అంత ఎక్కువ, అల్యూమినియమైతే వంపు దగ్గరే విరుగుతుంది. అద్దం కాడకు బిగించడం సులువే గానీ అక్కడ అదురు ఎక్కువ. హ్యాండిల్ మధ్యలో, బిగింపుల పక్కన చోటు చూసుకో.

చాలా బండ్ల హ్యాండిల్ రాడ్డు 22 మి.మీ. ఉంటుంది, అయినా వెర్నియర్ (మందం కచ్చితంగా కొలిచే పరికరం) పెట్టి కొలిచి చూడు. దాని మీద పాత సైకిల్ ట్యూబు రెండు మూడు చుట్లు చుడితే 26, 27 మి.మీ. అవుతుంది. ముప్పావు ఇంచు జీఐ పైపుకు వేసే యూ బోల్టు దాని మీద సరిగ్గా కూర్చుంటుంది. అర ఇంచుది కొన్నావా, రబ్బరుకు చోటుండదు. 6 మి.మీ. కడ్డీతో చేసినవి రెండు తెచ్చుకో. ఒక్కటే వేస్తే గుంతలో పడగానే ప్లేటు పక్కకు తిరుగుతుంది.

అడుగు ప్లేటు 3 మి.మీ. మందం ఇనుము, 80 × 60 మి.మీ. యూ బోల్టులు కింద నుంచి వచ్చి ఇందులో దూరి పైన నట్లతో బిగుస్తాయి. పైకి మిగిలిన మర కోసేయి. నాలుగు మూలల్లో, అంచులకు 10 మి.మీ. లోపల, బండి సైడ్ కవర్‌కు వేసే రబ్బరు బుష్‌లు (చుట్టూ గాడి ఉన్న రబ్బరు ఉంగరాలు) దూర్చు. బెజ్జం బుష్ గాడికి సరిపోవాలి. ప్రతి బుష్ లోపలా ఇనుప గొట్టం ముక్క తప్పనిసరి. దాని పొడవు రబ్బరు మందం కన్నా అర మిల్లీమీటరు తక్కువ ఉండాలి. గొట్టం లేకుండా బిగిస్తే రబ్బరు నలిగి చెక్కలా అవుతుంది. అదురు ఆపలేదు, పెట్టీ దండగే.

పై ప్లేటు 2 మి.మీ. మందం అల్యూమినియం, 150 × 75 మి.మీ. దాని మీద ఫోన్ వెనక కవర్‌ను పెట్టి నాలుగు ఎం4 (4 మి.మీ. లావు) కౌంటర్‌సింక్ స్క్రూలు, అంటే తల చదునుగా లోపలికి మునిగేవి, 35 లేక 40 మి.మీ. పొడవువి, రెండింటిలోంచీ, కింద బుష్‌ల గొట్టాల్లోంచీ దింపు. తలలు కవర్ లోపల పూర్తిగా మునగాలి, లేకపోతే ఫోన్ వెనక గాజు చిట్లుతుంది. తలల మీద టేపు వేయి. రెండు ప్లేట్ల మధ్య స్క్రూలకు 15 మి.మీ. స్పేసర్లు (ఎడం ఉంచే గొట్టం ముక్కలు). అడుగు ప్లేటు కింద వెడల్పు వాషర్, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కానిది). మామూలు నట్టు వారంలో ఊడుతుంది. ఫోన్ వాలు కావాలంటే యూ బోల్టు వదులు చేసి మొత్తం తిప్పుకోవచ్చు, వేరే కీలు అక్కర్లేదు.

ఫోన్ మీద పట్టీగా పాత బైక్ ట్యూబును అడ్డంగా 12 మి.మీ. వెడల్పున కోసిన రింగులు రెండు చాలు, పైనొకటి, కిందొకటి. వాల్యూమ్ బటన్ మీద పడకూడదు. ఎండకు పగుళ్లు వస్తాయి కనుక సీటు కింద రెండు అదనంగా ఉంచుకో.

బండికి వేసే యూఎస్‌బీ చార్జర్‌కు కరెంటు, తాళం తిప్పితేనే కరెంటొచ్చే వైరు నుంచే తీసుకో. తీసుకున్న చోటే 2 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాలి. వానలో పిన్ను పీకేయి. మన వేసవిలో ఎండా చార్జింగూ కలిస్తే తెర మసకబారి ఫోనే ఆగిపోతుంది. పై ప్లేటుకూ కవర్‌కూ 8 మి.మీ. బెజ్జాలు కొన్ని వేస్తే వేడి కొంత తగ్గుతుంది.

బిగించాక హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పు. క్లచ్ తీగ, బ్రేకు గొట్టం ఎక్కడా తగలకూడదు, యాక్సిలరేటర్ వదలగానే తనంతట తాను వెనక్కి రావాలి. తాళం పెట్టడానికి, మీటరు చూడటానికి అడ్డం లేదు కదా, అదీ చూడు. మొదట పాడైన ఫోన్ పెట్టి కంకర రోడ్డు మీద తిప్పు. 50 కిలోమీటర్లకు రబ్బరు సర్దుకుంటుంది, అప్పుడు యూ బోల్టులు మళ్ళీ బిగించు.

2020 అక్టోబరు 1 నుంచి మోటారు వాహన నియమాలు ఫోన్‌ను దారి చూడటానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడమంటున్నాయి. ఊరి పేరు బండి కదలక ముందే కొట్టేసుకో, తర్వాత దారి చెవిలో వింటే చాలు.

మామయ్య