టవర్ లేని చోట రేడియోను ఎంతవరకు నమ్మాలి?

పైలట్ శిక్షణకు అమెరికా వెళ్తున్నానని, అక్కడ టవర్ (విమానాల రాకపోకలను నియంత్రించే కంట్రోల్ టవర్) లేని విమానాశ్రయాల్లో ఎవరికి వాళ్లు రేడియోలో చెప్పి ఎగిరిపోతారని విన్నానని, అది భద్రమేనా అని అడిగారు. చాలావరకు భద్రమే. కానీ రేడియోలో చెప్పేశాం కదా, ఇక దారి మనదే అనుకుంటే మాత్రం కాదు. టెక్సస్‌లో నేను నేర్చుకునే రోజుల్లో జరిగింది చెప్తాను. అందులో రెండు వైపులా అందరూ పద్ధతి ప్రకారమే నడుచుకున్నారు, అందుకే మీరు వినాలి.

అమెరికాలో ప్రజలు వాడుకునే విమానాశ్రయాలు 5,000 పైనే. వాటిలో టవర్ ఉన్నవి సుమారు 500. మిగతా చోట్ల అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉండి, తాము ఎక్కడున్నారో, ఏం చేయబోతున్నారో చెప్పుకుంటారు. చుట్టుపక్కల ఊళ్లదీ తరచు అదే ఫ్రీక్వెన్సీ కాబట్టి మాట మొదట్లో, చివర్లో విమానాశ్రయం పేరు చెప్పాలి. రేడియోనే లేని పాత విమానాలు కూడా ఇలాంటి చాలా చోట్ల చట్టప్రకారమే ఎగురుతాయి.

ఆ రోజు గాలి లేదు, గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, వేలాడిపోయి ఉంది. గాలి ఉంటే అందరూ దానికి ఎదురుగా ఒకే దిక్కున ఎగురుతారు. లేనప్పుడు ఎవరికి దగ్గరైన చివర నుంచి వాళ్లు బయల్దేరుతుంటారు. రన్‌వే ఒక్కో చివరకు దిక్కును బట్టి ఒక నంబరు ఉంటుంది. మేమున్నది 17 చివర. అదే రన్‌వేకి అవతలి చివర 35. మధ్యలో నేల కాస్త ఎత్తుగా ఉండటంతో ఈ చివర నుంచి ఆ చివర కనపడదు. 17 నుంచి టేకాఫ్ అవుతున్నామని రేడియోలో చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇంజన్ వేగం పెంచే థ్రాటిల్‌ను పూర్తిగా తోశాను.

మా చిన్న శిక్షణ విమానం సెస్నా 172 ముక్కు లేపే వేగం 55 నాట్లు, అంటే గంటకు సుమారు 100 కిలోమీటర్లు. 40 నాట్లు దాటుతుండగా ఆ ఎత్తు అవతల ఒక లైటు, దాని వెంటే రెక్కలు పైకి లేచాయి. కుడి సీట్లోని ఇన్‌స్ట్రక్టర్ ‘మై కంట్రోల్స్’ (ఇక నేను నడుపుతాను) అంటూనే థ్రాటిల్ లాగేసి, బ్రేకులు తొక్కి విమానాన్ని కుడి అంచుకు తీసుకుపోయారు. ఎదుటి విమానం అప్పటికే వేగం అందుకుంది, ఆగే వీలు లేదు. నేల వదిలీ వదలగానే తన కుడికి ఒరిగి మా ఎడమ రెక్క పక్కనుంచి వెళ్లిపోయింది. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తప్పుకోవాలన్నది గాల్లో పాటించే నియమం. ఆ క్షణంలో ఇద్దరికీ అదే గుర్తుకు రాబట్టి బతికాం. ఒక్కరు ఎడమకు తిప్పినా ఈ జవాబు రాసేవాణ్ని కాదు.

ఆ విమానం నడిపిన పెద్దాయన ఒక చుట్టు తిరిగి దిగి, నేరుగా మా దగ్గరికి వచ్చారు. 35 నుంచి వెళ్తున్నానని తానూ చెప్పానని, మా మాట మాత్రం వినపడలేదని అన్నారు. మాకూ ఆయన మాట వినపడలేదు. ఆఫీసులో స్పీకర్ దగ్గరున్నావిడ చెప్పాక గాని విషయం తెలియలేదు. ఆ సమయంలో ఆమెకు వినిపించింది మాటలు కావు, కీచుమనే మోత. ఇద్దరం ఒకేసారి బటన్ నొక్కాం! మనం బటన్ నొక్కి మాట్లాడినంతసేపు అవతలి మాట మనకు వినపడదు.

1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫేలో పాన్ యామ్, కేఎల్‌ఎం సంస్థల రెండు బోయింగ్ 747లు పొగమంచులో ఢీకొని 583 మంది చనిపోయారు. కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ఇదీ ఒకటి. ఆగమన్న టవర్ మాట, ఇంకా రన్‌వే మీదే ఉన్నామన్న పాన్ యామ్ మాట ఒకదాని మీద ఒకటి పడి, కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో కీచు శబ్దంగా మిగిలాయి. 1996 నవంబర్ 19న ఇల్లినాయ్ రాష్ట్రం క్విన్సీలో టవర్ లేని చోట ఇంకో ఘోరం జరిగింది. దిగుతున్న విమానం వాళ్లు రన్‌వే మీదున్న వాళ్లను ఆగుతారా అని అడిగితే, వెనక వరసలో ఉన్న మూడో విమానం బదులిచ్చింది. ఆ జవాబు ముందున్న విమానానిదే అనుకుని దిగారు. రెండు విమానాల్లోని 14 మందీ పోయారు.

అందుకే రన్‌వే మీదికి వెళ్లే ముందు విమానాన్ని గుండ్రంగా తిప్పి రెండు వైపులా ఆకాశం చూస్తాను. రేడియోలో చెప్పాక బటన్ వదిలి కాసేపు వింటాను, గాలి లేని రోజున ఇంకోసారి చెప్తాను. ఎవరి మాటలైనా కలిసిపోయినట్టు వినిపిస్తే ‘బ్లాక్డ్’ అని చెప్పండి, కొత్తవాణ్ని కదా అని మొహమాటపడకండి. చుట్టుపక్కల విమానాలను చూపే టాబ్లెట్‌లో ఎవరూ కనపడటం లేదని కూడా ధీమా వద్దు, తన జాడ తెలిపే ట్రాన్స్‌పాండర్ పరికరం లేని విమానం అందులో కనిపించకపోవచ్చు.

ఇలాంటివి జరిగితే నాసా నడిపే రిపోర్టింగ్ వ్యవస్థకు రాయండి. రాసినవాళ్ల పేరు బయటపెట్టరు. స్కూల్లో చేరగానే ఇన్‌స్ట్రక్టర్‌ను అడగాల్సింది మాత్రం ఒకటుంది. అక్కడి రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరి దాకా కనిపిస్తుందా?