పిరనీస్ కొండలే హద్దు అని రాసుకున్నాక ఫ్రాన్స్ మధ్యలో స్పెయిన్ ఊరు ఎలా మిగిలింది?

మీరడిగింది లివియా గురించి. చుట్టూ ఫ్రాన్స్, మధ్యలో సుమారు 13 చదరపు కిలోమీటర్ల స్పెయిన్. ఫ్రాన్స్, స్పెయిన్ చేసుకున్న 1659 పిరనీస్ సంధిలో కొండలే సరిహద్దు అని రాసుకున్నారు కదా, మరి ఇదెలా అని మీ సందేహం.

జవాబు ఆ సంధి 42వ అధికరణంలోనే ఉంది. చాలామంది దాని మొదటి మాట దగ్గరే ఆగిపోతారు: పూర్వం గాల్ దేశాన్నీ (ఫ్రాన్స్ ప్రాంతపు ప్రాచీన నామం) స్పెయిన్‌నూ వేరుచేసిన పిరనీస్ పర్వతాలే ఇకపై రెండు రాజ్యాల హద్దు. ఆ తర్వాతి భాగం చూడండి. ఆ కొండల దగ్గరి ప్రాంతాల్లో రూసియోన్, కాన్‌ఫ్లెంట్ ఫ్రాన్స్‌కి, లివియా ఉన్న సెర్దాన్యా, కాటలోనియా స్పెయిన్‌కి అని పేర్లు పెట్టి పంచారు. ఆపైన ఒక మినహాయింపు: సెర్దాన్యాలో కొండకు ఫ్రాన్స్ వైపు పడే ఊళ్లుంటే అవి ఫ్రాన్స్‌కి, కాన్‌ఫ్లెంట్‌లో స్పెయిన్ వైపు పడేవుంటే స్పెయిన్‌కి. ఏవి ఎటు పడతాయో ఇరుపక్షాల కమిషనర్లు తేలుస్తారు.

అంటే అసలు తగువును వాయిదా వేశారు. బిదసోవా నదిలోని ఫెజెంట్ల దీవిలో 1659 ఆగస్టు నుంచి బేరమాడుతున్న ఫ్రాన్స్ ప్రధానమంత్రి మజారిన్‌కీ, స్పెయిన్ మంత్రి లూయిస్ దె హారోకీ ఇంతకంటే బరువైన అంశాలున్నాయి: ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీతో స్పెయిన్ రాకుమారి పెళ్లి, స్పెయిన్ పక్షాన పోరాడిన ఫ్రెంచి సేనాని కాండే యువరాజుకి క్షమాభిక్ష, ఉత్తరాన ఉన్న ఆర్త్వా ప్రాంతపు పట్టణాలు. కొండల్లోని నాలుగు పల్లెల కోసం వాటిని ఆపడం ఇద్దరికీ ఇష్టం లేదు. నవంబర్ 7న సంతకాలైపోయాయి.

కమిషనర్లు 1660 వసంతంలో రూసియోన్‌లోని సేరే పట్టణంలో కూర్చున్నారు. ఫ్రాన్స్ తరఫున వచ్చిన పియెర్ ద మార్కా ప్రాచీన భూగోళ రచయితలను ముందు పెట్టుకుని, గాల్ దేశపు పాత హద్దు ఎక్కడిదాకా ఉండేదో వాదించాడు. ఆయన పుస్తకాలు పట్టుకోవడానికి గట్టి కారణమే ఉంది. సెర్దాన్యా లోయ నీళ్లన్నీ సెగ్రే నదిలో కలిసి ఎబ్రో వైపు, అంటే స్పెయిన్‌లోకి దిగుతాయి. నీటివాలును బట్టి హద్దు పెడితే ఫ్రాన్స్‌కి అక్కడ సెంటు భూమి కూడా రాదు. ఫ్రాన్స్‌కి కావలసింది నిజానికి దారి: కాన్‌ఫ్లెంట్ నుంచి పెర్ష్ కనుమ మీదుగా కరోల్ లోయకు, అక్కడి నుంచి ఫ్రాన్స్‌లోని ఫ్వా, లాంగ్‌డాక్ ప్రాంతాల వైపు సొంత నేల మీద సైన్యం నడిచే దారి. సేరేలో మాట కుదరలేదు. విషయం మళ్లీ పెద్దలు మజారిన్, హారోల దగ్గరికి వెళ్లింది. మే 31న తేలింది: కరోల్ లోయతో కలిపి సెర్దాన్యాలో 33 గ్రామాలు ఫ్రాన్స్‌కి.

ఆ 33 ఏవో పేరుపేరునా రాసింది నవంబర్ 12న, లివియాలోనే. లివియాకి పట్టణ హోదా ఉంది, ఒప్పుకున్నదేమో గ్రామాలు ఇస్తామని. కాబట్టి అది లెక్కలోకి రాదని స్పెయిన్ పట్టుబట్టి నిలుపుకుంది. ఇది మాటల గారడీగా కొట్టిపారేయకండి. ఫ్రాన్స్‌కి దారి దక్కింది, పైగా లివియాలో ఎన్నడూ కోట కట్టకూడదని షరతు రాయించుకుంది. ఫిరంగులు లేని పట్టణం దారికి అడ్డు కాదు. నేల మీద గీత మాత్రం రెండు వందల ఏళ్లకు గానీ పడలేదు. రెండు దేశాల మధ్య 1856–1868 బయోన్ ఒప్పందాల తర్వాత 1 నుంచి 602 దాకా నంబర్లతో సరిహద్దు రాళ్లు పాతారు.

ఆ కాలపు సంధుల్లో భూమి వదులుకోవడమంటే పటం మీద గీత గీయడం కాదు, హక్కులు బదిలీ చేయడం. అందుకే ఏ అధికరణం చదివినా నేను ముందు చూసేది: ఇస్తున్నవాడికి అక్కడ నిజంగా ఉన్న హక్కు ఏమిటి? పవిత్ర రోమన్ సామ్రాజ్యానికీ (నాటి జర్మన్ రాజ్యాల కూటమి) ఫ్రాన్స్‌కీ మధ్య కుదిరిన 1648 మ్యూన్‌స్టర్ సంధి దీనికి చక్కని ఉదాహరణ. రైన్ నది పక్కనున్న ఆల్సాస్‌లో, ఆ సామ్రాజ్యాన్ని ఏలిన హాబ్స్‌బర్గ్ వంశానికున్నది కొంత సొంత భూమి, నేరుగా సామ్రాజ్యానికే చెందే పది నగరాల మీద ఒక పర్యవేక్షణాధికారం. అదంతా ఫ్రాన్స్‌కి ఇచ్చినట్టు ఒకచోట రాశారు. ఇంకోచోట ఆ నగరాలు నేరుగా సామ్రాజ్యానికే చెందే స్థితికి భంగం రాకూడదన్నారు, వెంటనే పైన ఇచ్చిన సర్వాధికారం మాత్రం తగ్గదన్నారు. రెండు పక్షాలూ తమకు కావలసిన వాక్యం చూపించుకున్నాయి. 1680 నాటికి ఫ్రాన్స్ ప్రత్యేక న్యాయస్థానాలు పెట్టి, ఇచ్చిన ప్రాంతాలకు ‘అనుబంధాలు’ అంటూ ఊరి తర్వాత ఊరు కలుపుకుంది. 1681లో స్ట్రాస్‌బర్గ్‌ను సైన్యంతోనే ఆక్రమించింది. ఈ అనుబంధాలు అన్న మాట కనబడితే జాగ్రత్తగా చదవండి, వాటి జాబితా లేకపోతే తగువు ఖాయం. 1713 యూట్రెక్ట్ సంధిలో స్పెయిన్ జిబ్రాల్టర్‌ను బ్రిటన్‌కి ఇస్తూ పట్టణం, కోట, రేవు అని విడివిడిగా రాసి, చుట్టుపక్కల నేల మీద అధికారం లేదని చేర్చింది. అయినా జిబ్రాల్టర్‌ను స్పెయిన్‌తో కలిపే, విమానాశ్రయం ఉన్న భూసంధి మీద వివాదం నేటికీ నడుస్తోంది.

నేను చూసే రెండోది, ఏ తేదీ నాటి స్థితిని ఆధారం చేసుకున్నారన్నది. ఇది తెలుగు నేలను నేరుగా తాకింది. ఫ్రాన్స్, బ్రిటన్ చేసుకున్న 1763 పారిస్ సంధి 11వ అధికరణం భారతదేశంలో ఫ్రెంచి స్థావరాలను 1749 మొదట్లో ఉన్నట్టు తిరిగి ఇమ్మంది. దక్కన్ పాలకుడు సలాబత్ జంగ్ ఫ్రెంచి సేనాని బుస్సీకి ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు ఇచ్చింది 1753లో. ఆ ఒక్క సంవత్సరం అంకెతో అవన్నీ ఫ్రాన్స్ చేజారాయి, సర్కార్ల పేరైనా ఎత్తకుండా. అదే అధికరణంలో సలాబత్ జంగ్‌ను దక్కన్ సుబేదారుగా గుర్తించారు. అప్పటికే తమ్ముడు నిజాం అలీ ఆయన్ను 1762లో గద్దె దించి బీదర్‌లో బంధించాడు. ఫ్రాన్స్ తప్పుకున్నంత మాత్రాన సర్కార్లు ఇంగ్లీషు కంపెనీకి దక్కలేదు. వాటికోసం కంపెనీ 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాం అలీతో వేరే ఒప్పందం సంపాదించుకోవలసి వచ్చింది.