సీఎస్ఆర్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

ప్రశ్న: పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో 11 ఏళ్లుగా ఫైనాన్స్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. మాకు విడిగా సీఎఫ్ఓ (ముఖ్య ఆర్థిక అధికారి) లేరు, లెక్కలన్నీ నేనే చూస్తాను. గత మూడేళ్ల సగటు లాభం పన్నుకు ముందు 18.70 కోట్లు, పన్ను పోను 14 కోట్లు. ఈ 14 కోట్ల మీద 2 శాతం, అంటే 28 లక్షలు సీఎస్ఆర్ (కంపెనీలు సమాజ సేవకి చట్టప్రకారం పెట్టాల్సిన ఖర్చు) కింద చూపించాలి. అందులో 10 లక్షలు మా క్యాంటీన్‌లో ఆర్వో ప్లాంటుకి, పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) వాళ్లు పెంచమన్న గ్రీన్‌బెల్ట్‌కి ఖర్చుపెట్టాం. మిగతా 18 లక్షలు మార్చి 30న మా ఎండీ గారి బావమరిది నడిపే ట్రస్ట్ ఖాతాకి వెళ్లాయి. ట్రస్ట్ వాళ్లు 2 లక్షలు ఉంచుకుని 16 లక్షలు నగదుగా వెనక్కి ఇస్తారట. ఇంకా ఇవ్వలేదు. నిధులన్నీ సక్రమంగా ఖర్చయ్యాయని ఇప్పుడు నన్ను సర్టిఫికెట్ ఇవ్వమంటున్నారు. "మన డబ్బు మనం ఎలా ఖర్చుపెట్టుకుంటే ఎవరికేంటి? అందరూ చేసేదే" అంటారు ఎండీ గారు. ఆయన నాకు చెడ్డవారేం కాదు. మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకి కూడా ఆదుకున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
(పేరు వద్దన్నారు, సంగారెడ్డి జిల్లా)

జవాబు: సంతకం పెట్టకండి. ముందు ఈ మాట చెప్పేస్తే మీకు ఈ రాత్రయినా నిద్ర పడుతుందని చెబుతున్నాను. ఎందుకు పెట్టకూడదో, పెట్టకుండా మీ ఎండీ గారిని కూడా ఎలా గట్టెక్కించవచ్చో ఇప్పుడు చూద్దాం.

"మన డబ్బు" అన్న మాట దగ్గరే ఆయన పొరబడుతున్నారు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు: అంతకుముందు సంవత్సరంలో ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా కంపెనీ దీని కిందికి వస్తుంది. మీరు లాభం గీత ఎప్పుడో దాటేశారు. మొదట్లో ఈ సెక్షన్‌కి పెద్దగా కోరలు లేవు. ఖర్చు పెట్టండి, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో బోర్డు నివేదికలో రాయండి అనేది. "నిధులు వెచ్చించేందుకు తగిన ప్రాజెక్టు దొరకలేదు" అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకున్న కంపెనీలు నాకు తెలుసు. 2021 జనవరి 22 నుంచి ఆ ఆట కట్టయింది. ఖర్చు కాని సొమ్ము ఇప్పుడు కంపెనీ దగ్గర మిగలదు, చట్టం చెప్పిన నిధికి వెళ్లాల్సిందే.

తర్వాత మీ లెక్క. క్షమించాలి, 11 ఏళ్ల అనుభవం ఉన్నవారికి చెబుతున్నాను, 28 లక్షలు తప్పు. సీఎస్ఆర్‌కి లాభాన్ని 198వ సెక్షన్ ప్రకారం లెక్కగట్టాలి. ఆ సెక్షన్‌లో ఆదాయపు పన్నును తీసేయడానికి వీల్లేదు. అంటే 18.70 కోట్ల మీద 2 శాతం, 37.40 లక్షలు. మిగతా సవరణలేమైనా ఉంటే మీ ఆడిటర్ చూస్తారు గానీ, పన్ను సంగతి మాత్రం ఖాయం. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు, చాలా చిన్న కంపెనీలు ఇలాగే వేస్తున్నాయి. బాధ్యత 50 లక్షలు దాటలేదు కాబట్టి మీకు విడిగా సీఎస్ఆర్ కమిటీ అక్కర్లేదు, ఆ పని బోర్డే చేస్తుంది. అంటే సంతకాల వరుసలో ఉన్నది డైరెక్టర్లు, ఆ తర్వాత మీరు.

ఇక ఆ 10 లక్షలు. ఉద్యోగుల కోసం పెట్టిన ఖర్చు సీఎస్ఆర్ కాదని నిబంధనల్లోనే ఉంది. ఫ్యాక్టరీ లోపలి క్యాంటీన్‌లో ఆర్వో ప్లాంటు మంచి పనే, కానీ అది మీ ఇంటి ఖర్చు. గ్రీన్‌బెల్ట్ సంగతీ అంతే. అది కాలుష్య నియంత్రణ మండలి మీకు అనుమతి ఇస్తూ పెట్టిన షరతు. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనిని తెచ్చి సేవా ఖాతాలో రాయకూడదు. అందులోనూ పటాన్‌చెరులో! అక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుకి కేసు వెళ్లింది. నక్కవాగు పక్క ఊళ్ల రైతులను అడిగితే నాలుగు మొక్కలు నాటి సేవ అని రాసుకోవడం గురించి వాళ్లేమంటారో నేను వేరే చెప్పాలా?

అసలు ముడి ఆ 18 లక్షల దగ్గరుంది. బావమరిది ట్రస్ట్‌కి ఇవ్వడమే నేరమా అంటే, కాదు. మన ఇళ్లలో బావమరిదిని మించిన బంధువు ఉండడు గానీ, కంపెనీల చట్టం ఇచ్చిన బంధువుల జాబితాలో భార్య తమ్ముడు లేడు! అలాగని సంబరపడొద్దు. ఆ ట్రస్ట్‌లో ఎండీ గారో, ఆయన భార్యో ట్రస్టీలుగా ఉండి పెత్తనం వాళ్ల చేతిలో ఉంటే, ఆ సంగతి ఆర్థిక నివేదికల్లో చూపించాల్సి రావచ్చు. ట్రస్ట్ రిజిస్టరైన పబ్లిక్ ట్రస్ట్ అయి ఉండాలి, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, ఇలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం ఉండాలి, కార్పొరేట్ వ్యవహారాల శాఖకి సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తీసుకుని ఉండాలి. ఆ నంబరు మీ ఫైల్లో ఉందా? ఈరోజే చూడండి. లేకపోతే మిగతా కథతో పనిలేకుండానే ఆ ఖర్చు చెల్లదు.

నగదు వెనక్కి తెచ్చుకోవడం మాత్రం మోసం. 447వ సెక్షన్ కింద, మొత్తం 10 లక్షలు దాటితే ఆరు నెలల నుంచి పదేళ్ల దాకా జైలు. పైగా జరిమానా, అది మోసం చేసిన మొత్తానికి తక్కువ కాకుండా మూడు రెట్ల వరకు. ఈ సెక్షన్‌లో బెయిల్ అంత తేలిగ్గా రాదు. మీరు నన్ను అడిగింది డబ్బు గురించి కాదు, సర్టిఫికెట్ గురించి కదా. సీఎస్ఆర్ నిబంధనల్లో 4వది చదవండి. నిధులు బోర్డు ఆమోదించిన పనికే, ఆమోదించిన పద్ధతిలోనే ఖర్చయ్యాయని సీఎఫ్ఓ గానీ, ఆర్థిక వ్యవహారాలు చూసే వ్యక్తి గానీ ధ్రువీకరించాలి. మీ కంపెనీలో ఆ వ్యక్తి మీరే. చట్టం కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో తెలిసి అబద్ధం రాస్తే 448వ సెక్షన్ దాన్ని నేరుగా 447 కిందికే తోసేస్తుంది. "పై వాళ్లు చెబితే పెట్టాను" అన్నది అక్కడ జవాబు కాదు.

ఇవి ఎలా బయటపడతాయో ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట నా టేబుల్ మీదికి ఒక ఫైల్ వచ్చింది. నాలుగు ఊళ్ల బడుల్లో నోటుపుస్తకాలు పంచినట్టు బిల్లులు. తేదీలు జూన్ నుంచి నవంబర్ దాకా ఉన్నాయి. స్టేషనరీ షాపు బిల్లు నంబర్లు మాత్రం 211, 212, 213... అలా 218 దాకా వరుసగా. ఆ ఆరు నెలల్లో ఆ షాపుకి వేరే గిరాకీయే రాలేదన్నమాట. ఒక బడిలో పిల్లలు 41 మంది, పంచినవి 1,200 పుస్తకాలు. ఫొటోల్లో బ్యానర్ ఒక్కటే, ఊరి పేరున్న చోట కాగితం అతికించి మార్చారు, అంచు లేచిపోయి కనిపిస్తోంది. ఆ కాగితాలన్నిటి కింద ఉన్న సంతకం యజమానిది కాదు, అకౌంటెంట్‌ది. ఆయనకి అందులో ఒక్క రూపాయి రాలేదు.

సత్యం కంప్యూటర్స్ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, హైదరాబాద్ పక్కనే ఉన్నారు. దాని అధిపతి రామలింగరాజు గారి కుటుంబం ఊళ్లలో బడులకీ, మంచినీళ్లకీ ఫౌండేషన్ పెట్టింది. 108 అంబులెన్సు సేవ 2005లో వాళ్ల చేతుల మీదుగానే మొదలైంది. ఇప్పటికీ ప్రాణాలు కాపాడుతోంది. 2008 సెప్టెంబర్‌లో కంపెనీ పాలనకి అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న, లెక్కలు తారుమారు చేశానని ఆయనే ఒప్పుకున్న లేఖ బయటికొచ్చాక ఆ అవార్డు వెనక్కి పోయింది. 2015 ఏప్రిల్ 9న కోర్టు పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. ఆ తర్వాత అప్పీళ్లు వేశారు, శిక్ష నిలుపుదల చేసి బెయిల్ ఇచ్చారు, అది వేరే విషయం. ఆ పది మందిలో ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ఉద్యోగులూ ఉన్నారు. నేను చెప్పదలచింది అంతవరకే.

ఇప్పుడు దారి. మీ అదృష్టం కొద్దీ నగదు ఇంకా చేతులు మారలేదు. ట్రస్ట్ ఖాతాకి డబ్బు పంపినంత మాత్రాన ఖర్చు పెట్టినట్టు కాదని, ట్రస్ట్ దాన్ని నిజంగా పనికి వాడితేనే ఖర్చు అని కార్పొరేట్ వ్యవహారాల శాఖ స్పష్టంగా చెప్పింది. మార్చి 30న వెళ్లిన డబ్బు 31కల్లా వాడి ఉండరు. కాబట్టి కంపెనీ లెటర్‌హెడ్ మీద ట్రస్ట్‌కి లేఖ రాయించండి: మార్చి 31 నాటికి ఎంత వాడారు, బిల్లులేవి, వాడనిది బ్యాంకు ద్వారా తిరిగి పంపండి అని. బ్యాంకు ద్వారానే సుమా. నగదు అన్న మాటే రానివ్వకండి.

అలా చూస్తే పోయిన సంవత్సరానికి మీరు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టినట్టు కాదు. మొత్తం 37.40 లక్షలూ మిగిలే ఉన్నాయి. కంగారు పడకండి, దీనికి చట్టం సెప్టెంబర్ 30 దాకా గడువిచ్చింది. ఆ లోపు కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో చెప్పిన నిధికి, ఉదాహరణకి ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికో, స్వచ్ఛ భారత్ కోశ్‌కో కట్టేసి, ఎందుకు ఖర్చు కాలేదో బోర్డు నివేదికలో ఉన్నదున్నట్టు రాస్తే సరిపోతుంది. ముఖ్యమంత్రి సహాయ నిధికి చెక్కు ఇచ్చి పేపర్లో ఫొటో వేయించుకుందామని ఎవరైనా అంటే వద్దనండి. దానం మంచిదే గానీ, అది సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. కొనసాగే ప్రాజెక్టు అని చెప్పి డబ్బు విడి ఖాతాలో వేసుకునే వీలు కూడా ఇప్పుడు లేదు, దానికి గడువు ఏప్రిల్ 30తోనే అయిపోయింది.

గడువు దాటితే? కట్టాల్సినదానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది కంపెనీకి పెనాల్టీ. మీ విషయంలో 74.80 లక్షలు. బాధ్యులైన అధికారులకి ఒక్కొక్కరికి కట్టాల్సినదాంట్లో పదో వంతు లేదా 2 లక్షలు, ఏది తక్కువైతే అది, అంటే 2 లక్షలు. ఎండీ గారితో మాట్లాడేటప్పుడు సెక్షన్లు వల్లించకండి, ఒక కాగితం మీద రెండు అంకెలు రాసి పెట్టండి. ఇప్పుడు కడితే 37.40, ఆలస్యం చేస్తే దాని మీద ఇంకో 74.80. వ్యాపారస్తుడికి ఈ భాష తొందరగా అర్థమవుతుంది. మీ అమ్మాయి ఫీజు కట్టిన మనిషితో గొడవ పెట్టుకోమని నేను అనడం లేదు. ఆ రుణం ఉంటే, ఆయన్ని ఈ గుంటలో పడకుండా ఆపి తీర్చుకోండి.

మాటలతో వదిలేయకుండా మెయిల్ పెట్టండి, మిగతా డైరెక్టర్లకి కాపీ వెళ్లాలి. నిందలొద్దు. "వినియోగ పత్రాలు లేనందున సర్టిఫికెట్ ఇవ్వలేకపోతున్నాను" అన్న ఒక్క వాక్యం చాలు. కాపీ ఇంట్లో కూడా ఉంచుకోండి. ఆ తర్వాత కూడా వినకపోతే ఆడిటర్‌తో మాట్లాడండి. ఉద్యోగులో అధికారులో కంపెనీని మోసం చేస్తున్నారని నమ్మే కారణముంటే బోర్డుకి రాతపూర్వకంగా చెప్పడం ఆయన విధి. కోటి లోపు మోసమైనా బోర్డు నివేదికలో దాని ప్రస్తావన రావాలి. బ్యాంకుల దగ్గర మీ కంపెనీ అప్పు 50 కోట్లు దాటి ఉంటే, ఫిర్యాదు చేసిన ఉద్యోగిని కాపాడే ఏర్పాటు కంపెనీలో తప్పనిసరిగా ఉండాలి, అదీ చూసుకోండి. రాజీనామా తొందరపడి రాయకండి. సర్టిఫికెట్ ఇచ్చాక వెళ్లిపోయినా సంతకం ఫైల్లోనే ఉంటుంది. ఇవ్వకుండా కుర్చీలో ఉంటే మీ మెయిల్ ఫైల్లో ఉంటుంది.

ఇంకొక్క మాట, వచ్చే ఏడాదికి. ఆర్వో ప్లాంటు మీద ఎండీ గారికి అంత ఇష్టముంటే ఫ్యాక్టరీ గేటు బయట, ఊరి బడి దగ్గర పెట్టించమనండి. మీ కార్మికుల పిల్లలు కూడా అక్కడ నీళ్లు తాగితే తాగారు. ఊరందరికీ పెట్టినప్పుడు అది చెల్లుతుంది. కాకపోతే పని మొదలుపెట్టే ముందే బోర్డు తీర్మానం చేయించండి, మార్చి 30 దాకా ఆగకండి.