టాస్కో: ఒక రాత్రి ఉండి చూడాల్సిన ఊరు

మెక్సికో సిటీ నుంచి టాస్కోకి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా, వెండి షాపులు తప్ప అక్కడ ఇంకేమైనా ఉందా అని అడిగారు. వెళ్లి రావచ్చు, బస్సులో ఇంచుమించు మూడు గంటలు. కానీ వీలైతే ఒక రాత్రి ఉండండి. మెక్సికోలో ఉద్యోగం చేసిన రోజుల్లో సెలవు దొరికితే నా మనసు ఆ ఊరి మీదికే పోయేది.

గెరెరో రాష్ట్రంలో, 1,700 మీటర్లకు పైన, కొండవాలును పట్టుకుని ఉంటుంది. చదును నేల వెతికినా దొరకదు. నల్లరాళ్లు పరిచి, మధ్యలో తెల్లరాళ్లతో గీతలు, బొమ్మలు తీర్చిన వీధులు. ఆ ఎత్తుపల్లాల్లో టాక్సీలుగా పాత తెల్ల బీటిల్ కార్లే తిరుగుతాయి. అంత ఇరుకు సందుల్లో పెద్ద కారు మలుపు తిరగడం కష్టం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే వాటినే నమ్ముకోండి.

ఊరు పెరిగింది గనుల వల్ల. 18వ శతాబ్దంలో హోసే దె లా బోర్దా అనే గని యజమాని వెండితో కోట్లు గడించి, 1751-58 మధ్య సాంతా ప్రిస్కా చర్చి కట్టించాడు. పూజారి అయిన కొడుకు మాన్యుయెల్ కోసమే ఆ చర్చి. గులాబి రంగు రాతి గోపురాలు ఊళ్లో ఎక్కణ్నుంచైనా కనిపిస్తాయి. లోపల బంగారు పూత పీఠాల ముందు కాసేపు ఊరికే కూర్చోండి, ఫొటోలు తర్వాత.

వెండి పనితనం అంతా బోర్దా నాటిదే అనుకుంటారు చాలామంది. ఇప్పుడు మనం చూసే నగల పరిశ్రమకు ఊపు తెచ్చింది విలియం స్ప్రాట్లింగ్ అనే అమెరికన్. 1929లో వచ్చి స్థిరపడి, 1931లో కార్ఖానా పెట్టాడు. పురాతన మెక్సికో శిల్పాల్లోని ఆకారాలను నగల్లోకి తెచ్చాడు. ఆయన దగ్గర పని నేర్చినవాళ్లు సొంత కార్ఖానాలు పెట్టుకున్నారు. 2007లో సమ్మెతో గని పని ఆగిపోయినా చేతిపని మాత్రం ఆగలేదు.

నా మటుకు నాకు టాస్కో అంటే ఈస్టర్ ముందరి వారం. రాత్రిపూట ఊరేగింపుల్లో ఎన్‌క్రుసాదోస్ అనేవాళ్లు నడుస్తారు. నల్ల ముసుగు, చొక్కా లేని ఒళ్లు, నడుముకు గుర్రపు వెంట్రుకల తాడు. చాచిన చేతుల మీదుగా, మెడ వెనక కట్టిన ముళ్లకంప మోపు 40 కిలోలకు పైనే ఉంటుంది. రెండు చేతుల్లో వెలిగే కొవ్వొత్తులు. మైనం కరిగి వేళ్ల మీద పడుతున్నా చేయి దించరు. వాళ్ల వెనక నడుము వంచి, కాళ్లకు గొలుసులతో నడిచేవాళ్లుంటారు. రాళ్ల మీద ఆ గొలుసుల చప్పుడు పక్క వీధిలోంచే వినిపిస్తుంది. ముసుగులో ఎవరున్నారో బయటివాళ్లకు తెలియదు, తెలియకూడదు కూడా. మొక్కు తీర్చుకునే మనిషి అతను. దయచేసి ముఖం మీద ఫ్లాష్ కొట్టకండి. ఆ వారం గదులు దొరకవు, నెలల ముందే బుక్ చేసుకోవాలి.

గురువారం ఉంటే ఆకుపచ్చ పొసోలే (మొక్కజొన్న, మాంసం వేసి కాచే చిక్కటి సూపు) తినండి, గెరెరోలో ఆ రోజు అదే ఆనవాయితీ. మార్కెట్లో హుమీలెస్ అనే కొండపురుగులు బతికినవే అమ్ముతారు, పచ్చడిలో నూరుకుంటారు. దాల్చినచెక్క లాంటి ఘాటు. నవంబరు మొదట్లో వచ్చే చనిపోయినవాళ్ల పండుగ తర్వాతి సోమవారం వాటి కోసమే జనం కొండెక్కి వేడుక చేసుకుంటారు.

ఇక వెండి కొనాలంటే శనివారం సంత మంచిది. 925 ముద్ర (అంటే 92.5 శాతం వెండి) చూసే తీసుకోండి.